మైపాడును వెతకగల ఎడిటర్

ప్రోగ్రాము రాయడమంటే, హంగులన్నీ పక్కన పెట్టి చూస్తే, అక్షరాలను వరుసగా పేర్చి ఒక ఫైలులో భద్రపరచడమే. ఆ పనికి వాడే సాధనాన్ని టెక్స్ట్ ఎడిటర్ అంటారు. ఉత్తరాలు, దరఖాస్తులు తయారుచేసే వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్ అక్షరాలతో పాటు వాటి రంగును, పరిమాణాన్ని, అంచులను కూడా ఫైలులో దాచిపెడుతుంది. టెక్స్ట్ ఎడిటర్ మాత్రం అక్షరాల సంకేతాలను తప్ప మరి దేనినీ దాచదు. ఇలా ఒట్టి అక్షరాలే ఉన్న ఫైలును సాదా పాఠం అంటారు, కంపైలర్‌కు, అంటే మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు, కావలసింది అదే. ఈ తేడా తెలుగువారికి మరో దారిలో చాలాకాలంగా పరిచయమే. అను ఫాంట్లతో కూర్చిన పెళ్లిపత్రిక పాఠాన్ని సాదా ఎడిటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఫాంట్లు తెలుగు లిపి ముక్కలను ఇంగ్లీషు అక్షరాల సంకేతాల స్థానంలో కూర్చోబెట్టాయి. పేజీ మీద తెలుగులా కనిపించినది ఫైలు లోపల తెలుగు కాదన్న సంగతిని ఎడిటర్ నిర్మొహమాటంగా బయటపెడుతుంది.

ఎడిటర్లలో ఏది మేలన్న వాదానికి సుమారు ఐదు దశాబ్దాల వయసుంది, అయితే అందులో ఎక్కువ భాగం అమెరికా విశ్వవిద్యాలయాలలోను సంస్థలలోను పనిచేసినవారు తమ అవసరాలను దృష్టిలో పెట్టుకుని సాగించినదే. కావలి నుంచి నెల్లూరు, గూడూరు, విద్యానగర్ మీదుగా సూళ్లూరుపేట వరకు ఉన్న కోస్తా పట్టీలో ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థి విషయంలో ఆ ప్రశ్న కొంత వేరుగా ఉంటుంది. ఈ ప్రాంతపు ఇంజనీరింగ్ కళాశాలలు అనంతపురంలోని జెఎన్‌టియు పరిధిలోకి వస్తాయి. వాటిలో 1979లో స్థాపించిన విద్యానగర్ ఎన్‌బికెఆర్ కళాశాల, 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాకు చేరినప్పటికీ, నెల్లూరు జిల్లా సాంకేతిక విద్యకు తొలి ఆధారాలలో ఒకటి. శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న మొదటి సౌండింగ్ రాకెట్ ఎగిరిన నాటి నుంచి రాకెట్టు అన్న మాటకు అలవాటుపడిన ఈ తీరంలో, కంప్యూటర్ చదువు మాత్రం ఎక్కువమందికి పాత డెస్క్‌టాప్ మీదనో, ఇంట్లో అన్నకో అక్కకో కొన్న ల్యాప్‌టాప్ మీదనో మొదలవుతుంది. అందువల్ల ఇక్కడ ఎడిటర్‌ను ఎంచుకోవడంలో పేరుప్రఖ్యాతులకన్నా ముందు చూడవలసినవి మూడు: వాడే యంత్రం, రాసే పాఠంలోని తెలుగు, తుపాను రోజుల కరెంటు.

భారతదేశంలో ఒక తరం విద్యార్థులకు అసలు ఎంచుకునే అవకాశమే రాలేదు. ల్యాబ్‌లో టర్బో సి ఉంటే అదే ఎడిటర్, అదే కంపైలర్. బోర్లాండ్ సంస్థ 1987లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌లో నీలి తెర మీద ప్రోగ్రాము రాసి, అక్కడే నడిపి చూసే ఏర్పాటు ఉండేది. ఆ కాలానికి అది నిజంగా గొప్ప సౌకర్యం. చిక్కల్లా అది తన కాలాన్ని దాటి బతకడంలో వచ్చింది. డాస్ మీద నడిచే ఆ సాఫ్ట్‌వేర్ 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవకపోతే, డాస్‌బాక్స్ అనే అనుకరణ సాధనాన్ని మధ్యలో పెట్టి మరీ నడిపించారు. దాని సి++ కంపైలర్ 1998లో ఆ భాషకు అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడక ముందటిది కనుక, దాని మీద నేర్చుకున్న ప్రోగ్రాము నేటి కంపైలర్‌లో తొలి వరుసలోనే తప్పు చూపిస్తుంది. పూర్ణాంకానికి రెండు బైట్లే కేటాయించే ఆ పద్ధతిలో 32,767 దాటిన సంఖ్య తిరగబడి రుణసంఖ్యగా మారుతుంది, నాలుగు బైట్లు ఇచ్చే జిసిసి వంటి నేటి కంపైలర్లలో అదే ప్రోగ్రాము మరో జవాబు ఇస్తుంది. ఎడిటర్‌ను, కంపైలర్‌ను ఒకే వస్తువుగా చూడడం అలవాటైనవారికి ఇది భాషలోని తేడానా, సాధనంలోని తేడానా అన్నది తెలియదు. ఆ రెండూ వేరు వేరు పనులని విద్యార్థికి మొదటి వారంలోనే తెలియడం, ఏ ఎడిటర్ వాడాలన్న దానికన్నా ముఖ్యం.

పాత ఎడిటర్ల రూపానికి వెనుక ఉన్న కారణాలు తెలిస్తే వాటి మీద ఉన్న భయం కొంత తగ్గుతుంది. బెర్క్‌లీలో విద్యార్థిగా ఉన్న బిల్ జాయ్ 1976లో విఐ రాసినప్పుడు ఆయన వాడిన మోడెమ్ వేగం సెకనుకు 300 బిట్లు, అంటే సుమారు 30 అక్షరాలు. 24 వరుసల తెర మొత్తం నిండాలంటే ఒక నిమిషానికి పైగా పడుతుంది. అంత నెమ్మదైన తీగ మీద పనిచేసేవారికి ప్రతి నొక్కుడూ విలువైనదే కాబట్టి, ఒక అక్షరం నొక్కితే ఒక ఆదేశం నెరవేరేలా దాన్ని మలిచారు. అక్షరాలు టైపు చేసే స్థితి, ఆదేశాలిచ్చే స్థితి అని రెండుగా విడదీసి, రెండో స్థితిలో డి అక్షరాన్ని రెండుసార్లు నొక్కితే వరుస మొత్తం తొలగిపోయేలా చేశారు. కర్సర్‌ను కదిపే పని హెచ్, జె, కె, ఎల్ మీటలకు దక్కడానికి కారణం కూడా అంతే సాదాసీదాది: ఆయన వాడిన ఎడిఎం-3ఎ టెర్మినల్ మీద బాణం గుర్తులు ఆ మీటల మీదే ముద్రించి ఉన్నాయి. అదే ఏడాది ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ రూపొందించిన ఈమాక్స్ దారి వేరు. అక్కడ ఎడిటర్‌నే ఒక ప్రోగ్రామింగ్ వేదికగా చూశారు, 1985 నాటి గ్ను ఈమాక్స్‌లో వాడేవారు లిస్ప్ భాషలో తమకు కావలసిన ఆదేశాలను తామే రాసుకోవచ్చు. విఐకి మెరుగుపరచిన రూపమైన విమ్‌ను 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేశారు. 2023 ఆగస్టులో మరణించేవరకు దాన్ని ఆయనే నడిపించారు.

నేటి విద్యార్థి చేతికి మొదట వచ్చేది మాత్రం విజువల్ స్టూడియో కోడ్, వాడుకలో విఎస్ కోడ్. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన మరుసటి ఏడాది, 2015లో, ఈ ఎడిటర్ వెలువడింది. ప్రోగ్రామర్ల మధ్య 2024లో జరిగిన ఒక పెద్ద అంతర్జాతీయ సర్వేలో 70 శాతానికి మించినవారు తాము దీన్ని వాడుతున్నట్టు చెప్పారు. దీని విజయానికి ఉచితంగా దొరకడం ఒక్కటే కారణం కాదు. పూర్వం ప్రతి ఎడిటరూ ప్రతి భాషకూ విడిగా తోడ్పాటు సమకూర్చుకోవలసి వచ్చేది, అంటే ఐదు ఎడిటర్లకు పది భాషలు నేర్పాలంటే యాభై పనులు. 2016లో మైక్రోసాఫ్ట్ మరికొన్ని సంస్థలతో కలిసి ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అనే ఒప్పందంతో ఆ లెక్క మారింది. తప్పులు చూపడం, పేర్లు పూర్తిచేయడం వంటి పనులను భాషకొకటిగా ఉండే విడి ప్రోగ్రాము చూసుకుంటుంది, ఎడిటర్ దానితో మాట్లాడడం నేర్చుకుంటే చాలు, కాబట్టి యాభై పనులు పదిహేనుకు దిగాయి. ఈ ఒప్పందం మైక్రోసాఫ్ట్ గడప దాటి 2021లో విమ్ నుంచి చీలిన నియోవిమ్‌లోకి, 2023లో ఈమాక్స్‌లోకి నేరుగా చేరింది. ఆ తరవాత ఫలానా ఎడిటర్‌లోనే మంచి సూచనలు వస్తాయన్న పాత వాదనకు పెద్దగా బలం మిగలలేదు.

విఎస్ కోడ్‌కు ఉన్న బరువు మాత్రం అలాగే ఉంది. అది లోపల ఒక బ్రౌజర్ యంత్రాంగం మీద నడుస్తుంది. తెరిచిన ఫైలు చిన్నదైనా వందల మెగాబైట్ల జ్ఞాపకాన్ని తీసుకుంటుంది, భాషా సర్వరు, రెండు మూడు పొడిగింపులు చేరితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. ఎనిమిది గిగాబైట్ల ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద ఇది పట్టించుకోవలసిన విషయం కాదు. నాలుగు గిగాబైట్ల యంత్రం మీద బ్రౌజరు, విఎస్ కోడ్ కలిసి తెరిచి ఉన్నప్పుడు కలిగే నత్తనడకను చూసి, ప్రోగ్రామింగే కష్టమైనదని విద్యార్థి అపోహపడే ప్రమాదం ఉంది. అటువంటి యంత్రాలకు విండోస్‌లో నోట్‌ప్యాడ్++, లినక్స్‌లో జీనీ చక్కగా సరిపోతాయి. రెండింటిలోనూ ఒకే మీటతో జిసిసిని పిలిచే ఏర్పాటు చేసుకోవచ్చు. మొదటి సంవత్సరపు సి ప్రోగ్రాములకు అంతకన్నా ఏదీ అవసరం లేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ఇంతవరకు చెప్పినది ఏ ఊరి విద్యార్థికైనా వర్తిస్తుంది. తెలుగు రాసేవారికి ప్రత్యేకమైన పరీక్ష వేరే ఉంది, దాన్ని ఇంగ్లీషు సమీక్షలు దాదాపుగా ప్రస్తావించవు. తీరంలోని ఊళ్ల జాబితాతో ఒక చిన్న ప్రోగ్రాము రాస్తున్నారనుకుందాం. అది రొయ్యల చెరువుల వివరాలు దాచేది కావచ్చు, బస్సు వేళలు చూపేది కావచ్చు. జాబితాలో కృష్ణపట్నం ఉంది. చదివేవారి కంటికి ఆ పేరులో ఉన్నవి నాలుగు అక్షరాలు: కృ, ష్ణ, ప, ట్నం. అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్ లెక్కలో మాత్రం హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న అన్నిటికీ విడివిడి సంకేతాలు ఉంటాయి కనుక అవి పది, ఒక్కొక్క తెలుగు సంకేతం యుటిఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు ఆక్రమిస్తుంది కనుక ఫైలులో ముప్పై బైట్లు. ఆ పేరు చివర కర్సర్ పదకొండో స్థానంలో ఉందని ఎడిటర్ చెబితే ఆశ్చర్యపడనక్కరలేదు. బ్యాక్‌స్పేస్ నొక్కితే చాలా ఎడిటర్లలో ఒక సంకేతమే పోతుంది, అంటే ట్నంలో సున్న మాత్రమే చెరిగి ట్న మిగులుతుంది. డిలీట్ నొక్కితే అక్షరం మొత్తం పోతుంది. ఇది లోపం కాదు, ఒత్తును సవరించుకోవడానికి పనికివచ్చే ఏర్పాటే, కానీ అలవాటు లేనివారిని మొదట్లో తికమకపెడుతుంది.

అసలు కష్టం కోడ్ ఎడిటర్లు గళ్ల కాగితాన్ని ఆదర్శంగా పెట్టుకోవడంలో ఉంది. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గల గడి అన్నది ఇంగ్లీషుకు సరిపోతుంది. ఒత్తు కిందికి దిగి, గుడి పైకి లేచి, ఒక అక్షరం మరోదానికన్నా రెట్టింపు వెడల్పు తీసుకునే లిపికి అది సరిపోదు. టెర్మినల్‌లో, అంటే అక్షరాలు మాత్రమే చూపే నల్లతెరలో, నడిచే విమ్‌కు ఈ ఇబ్బంది ఎక్కువ, ఎందుకంటే అక్కడ అక్షరాన్ని గీసేది విమ్ కాదు, టెర్మినల్. చాలా టెర్మినళ్లు ష్, ణ లను కలపకుండా విడిగా చూపిస్తాయి, కొన్ని కలిపి చూపించినా కర్సర్ ఒకచోట, మారే అక్షరం మరోచోట ఉంటాయి. సొంత కిటికీలో నడిచే ఈమాక్స్ 2020 నాటి 27వ రూపం నుంచి హార్ఫ్‌బజ్ అనే లిపి కూర్పు యంత్రాంగాన్ని వాడుతోంది, విఎస్ కోడ్ లోపలి బ్రౌజర్ వాడేది కూడా అదే. కాబట్టి ఈ రెండింటిలో ఒత్తులు సరిగా కూడుకుంటాయి. వరుసల మధ్య ఎత్తు చాలక ఒత్తుల అడుగుభాగం తెగిపోవడం మాత్రం తరచు జరుగుతుంది. అమరికలలో వరుస ఎత్తును కొద్దిగా పెంచి, ఇంగ్లీషు ఫాంటు పేరు తరవాత నిర్మల లేదా నోటో సాన్స్ తెలుగు పేరును చేరిస్తే ఆ ఇబ్బంది చాలామటుకు తీరుతుంది.

టైపు చేసే పద్ధతి దగ్గర మరో చిక్కు ఎదురవుతుంది, అది ముఖ్యంగా విమ్ వాడేవారిది. తెలుగు టైపుకు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో హెచ్, జె, కె, ఎల్ మీటలు ప, ర, క, త అక్షరాలను ఇస్తాయి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా ఆదేశాల స్థితికి వెళ్లి కిందికి దిగాలని జె నొక్కితే విమ్‌కు అందేది ర. దానికి ఆ అక్షరంతో ఏ ఆదేశమూ తెలియదు. ప్రతి మాటకూ కీబోర్డు మార్చుకోవలసి వస్తే విమ్ ఇస్తానన్న వేగమంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఈమాక్స్‌లో తెలుగు టైపు పద్ధతులు, ఇన్‌స్క్రిప్ట్‌తో సహా, ఎడిటర్ లోపలే ఉంటాయి; వాటిని ఒక మీటల జంటతో పిలవవచ్చు, అవి పాఠానికే వర్తించి ఆదేశాలను తాకవు. తెలుగు వ్యాఖ్యలు, తెలుగు సందేశాలు ఎక్కువగా ఉండే ప్రోగ్రాములు రాసేవారికి ఈ ఒక్క కారణం చాలు ఈమాక్స్‌ను ఒకసారి ప్రయత్నించడానికి, నేర్చుకోవడానికి పట్టే కాలం ఎక్కువే అయినా.

ఇక వెతుకులాట. నెల్లూరు వారి విహారస్థలమైన మైపాడు పేరులోని ఐత్వం యూనికోడ్‌లో రెండు విధాలుగా ఉండవచ్చు: ై అన్న ఒకే సంకేతంగా, లేదా ఎత్వం గుర్తు, దాని కింద చేరే ఐత్వపు తోక అనే రెండు సంకేతాలుగా. మొదటి పద్ధతిలో ఆ పేరుకు ఆరు సంకేతాలు, రెండో పద్ధతిలో ఏడు. కంటికి రెండూ ఒకటే, యూనికోడ్ నియమాల ప్రకారం కూడా అవి సమానమే, అయినా సాదా వెతుకులాటలో ఒకటి అడిగితే రెండోది దొరకకపోవచ్చు. కీబోర్డులు సాధారణంగా మొదటి రూపాన్నే ఇస్తాయి. అయితే 2017కు ముందటి మ్యాక్ కంప్యూటర్లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి ఫైళ్ల పేర్లను విడగొట్టి దాచేది కాబట్టి, అటువంటి యంత్రం మీది ఫైళ్ల జాబితాను తెచ్చి కలిపితే ఒకే ఊరు రెండు ఊళ్లుగా లెక్కకు వస్తుంది. ఎడిటర్‌లో కర్సర్ కింది అక్షరపు సంకేతాన్ని చూపే సౌకర్యం ఉంటే ఇటువంటి తేడా క్షణంలో బయటపడుతుంది. విమ్‌లో జి, ఎ అని వరుసగా నొక్కితే చాలు; ఈమాక్స్‌లోనూ ఇందుకు సమగ్రమైన ఆదేశం ఉంది.

విద్యానగర్‌లో అని రాసేటప్పుడు ర్ తరవాత లో వచ్చి కలిసిపోకుండా ఆపడానికి కీబోర్డు ఒక కనబడని సంకేతాన్ని చేరుస్తుంది; దాన్ని పొల్లు విడుపు అనవచ్చు. విద్యానగర్ అని టైపు చేసి ఆగినప్పుడు కూడా అది కొన్నిసార్లు చివర అంటుకుని ఉండిపోతుంది. అప్పుడు జాబితాలోని విద్యానగర్, వాడేవారు టైపు చేసిన విద్యానగర్ తెర మీద ఒక్కలాగే ఉన్నా పోల్చిచూస్తే సమానం కావు, కాబట్టి ప్రోగ్రాము అటువంటి ఊరు లేదంటుంది. పైథాన్ మూడో తరం తెలుగు పేర్లను చలరాశులకు, అంటే విలువలను దాచే పేర్లకు, అంగీకరిస్తుంది కానీ ఈ సంకేతం మధ్యలో ఉంటే తప్పు పడుతుంది. జావాస్క్రిప్ట్ దాన్ని కూడా అంగీకరిస్తుంది. కనబడని సంకేతాలతో మోసపు కోడ్‌ను దాచవచ్చని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2021 నవంబరులో చూపిన తరవాత విఎస్ కోడ్ అటువంటి వాటి చుట్టూ గీత గీసి హెచ్చరించడం మొదలుపెట్టింది. భద్రత కోసం వచ్చిన ఆ ఏర్పాటు తెలుగు రాసేవారికి మరో విధంగా మేలు చేసింది.

ఒకే పేరును రెండు విధాలుగా రాసే అలవాటు కూడా ఈ తీరంలో ఉన్నదే. సూళ్లూరుపేట, సూళ్ళూరుపేట రెండూ బోర్డుల మీద, పత్రికలలో కనిపిస్తాయి. ఎడిటర్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అచ్చమైన మాటకు బదులు మాట నమూనాను ఇచ్చి వెతికే పద్ధతి, ఉంటే సూళ్[లళ]ూరుపేట అని రాసి రెండింటినీ ఒకేసారి పట్టుకోవచ్చు. చదరపు కుండలీకరణంలోని అక్షరాలలో ఏది ఉన్నా సరేనన్నది దాని అర్థం. దీర్ఘం గుర్తు కుండలీకరణానికి వేలాడుతూ వికారంగా కనిపిస్తుంది, పని మాత్రం సరిగ్గా జరుగుతుంది. ఇదే పద్ధతిలో పదం ఏదైనా అని సూచించే గుర్తును నమ్ముకుంటే మోసపోక తప్పదు: విఎస్ కోడ్, విమ్ రెండింటిలోనూ ఆ గుర్తుకు తెలిసిన పదాలు ఇంగ్లీషువే.

తీరానికి తప్పని మరో విషయం కరెంటు. నెల్లూరుకు ఏడాది వానలో అధికభాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. మొదటి సెమిస్టరు ల్యాబ్ పరీక్షల రోజులు తరచు అవే. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు దగ్గర రైలు పట్టాలను కోసివేసిన రోజులలో కరెంటు సంగతి చెప్పనక్కరలేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ ఆగిపోతే సేవ్ చేయని పని ఏమవుతుందన్నది ఎడిటర్‌ను బట్టి మారుతుంది. విమ్ ప్రతి 200 అక్షరాలకు, లేదా నాలుగు సెకన్లు చేయి ఆగినప్పుడు, పక్కన ఒక స్వాప్ ఫైలులో మార్పులను రాసి ఉంచుతుంది. ఈమాక్స్ 300 నొక్కులకు, లేదా 30 సెకన్ల విరామానికి, ఒకసారి అదే పని చేస్తుంది. నోట్‌ప్యాడ్++ ఏడేసి సెకన్లకు నకలు తీసుకుంటుంది, విఎస్ కోడ్ సేవ్ చేయని పాఠాన్ని కూడా మళ్లీ తెరిచినప్పుడు తెచ్చిపెడుతుంది. నీలి తెర టర్బో సికి ఈ జాగ్రత్త లేదు. కృత్రిమ మేధతో కోడ్ సూచించే కొత్త సాధనాల సూచనలు ఎక్కువగా దూరపు సర్వర్ల నుంచి రావాలి కనుక, కరెంటు ఉండి ఇంటర్నెట్ లేని పూట వాటి తోడు ఉండదు. వాటి మీదే ఆధారపడి నేర్చుకున్నవారికి ఆ పూట ఎడిటర్ మూగబోయినట్టు ఉంటుంది.

ఉచితంగా దొరికే సాధనం ఎంతకాలం ఉంటుందన్నది కూడా ఆలోచించవలసిందే. గిట్‌హబ్ సంస్థ 2014లో తెచ్చిన ఆటమ్ ఎడిటర్‌ను ఎందరో ఇష్టపడ్డారు; 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు గిట్‌హబ్‌ను కొన్నది; ఒకే ఇంట రెండు ఎడిటర్లయ్యాక 2022 డిసెంబరు 15న ఆటమ్‌ను మూసివేశారు. ఏ ఒక్క సంస్థ నిర్ణయం మీదా ఆధారపడని విమ్, ఈమాక్స్‌లకు ఆ ప్రమాదం తక్కువ.

వీటన్నిటి మధ్య విద్యార్థికి ఇవ్వదగిన సలహా ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. పాత యంత్రమైతే జీనీ లేదా నోట్‌ప్యాడ్++, కొత్త ల్యాప్‌టాప్ అయితే విఎస్ కోడ్, తెలుగు పాఠం మీద పనిచేయాలన్న ఆసక్తి, ఓపిక ఉంటే ఈమాక్స్. ఏది ఎంచుకున్నా దానితో పాటు విఐ గురించి కొంచెమైనా తెలిసి ఉండాలి, ఎందుకంటే ఉద్యోగంలో చేరాక ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి ప్రవేశించినప్పుడు అక్కడ తప్పక దొరుకుతుందని నమ్మదగిన ఎడిటర్ అదొక్కటే. విఎస్ కోడ్‌తో దూరపు సర్వర్ మీద పనిచేయవచ్చు గానీ, అందుకు ఆ సర్వర్‌లో కనీసం ఒక గిగాబైటు ర్యామ్ ఉండాలి, చిన్న సర్వర్లలో అంత మిగలదు. విఐలో అక్షరాలు టైపు చేయడానికి ఐ, ఆదేశాల స్థితికి తిరిగి రావడానికి ఎస్కేప్, సేవ్ చేసి బయటపడడానికి కోలన్, డబ్ల్యు, క్యూ, చేసిన మార్పులు వదిలేసి బయటపడడానికి కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం; ఈ నాలుగూ వస్తే, అనుకోకుండా ఆ తెర ఎదురైన రోజున కిటికీ మూసేసి పారిపోవలసిన అవసరం ఉండదు.